ఇక్కడ అందరం క్షేమం

హైస్కూల్లో చదివే రోజుల్లో నేను మా వాడకట్టుకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ని. ధర్మపురిలో అప్పటికే ఇంటికొకరు కాకున్నా వాడకు పదిమంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు. బడి వదిలాక ఎవరో ఒక చిన్నమ్మ విదేశీ ఉత్తరం కాయితం పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూచునేది. ఆమె నాకు చెప్పేది వేరు, రాయమనేది వేరు. పిల్లకు పది రోజుల నుంచి జరం, అప్పిచ్చినాయన రోజూ గడపలోకి వస్తున్నాడు, బాయిలో నీళ్లు అడుగంటినయి అని అన్నీ చెప్పుకుని, కొంగుతో కండ్లు తుడుచుకుని, "గవన్నీ రాయకు బిడ్డా. ఆడ ఒక్కడే ఉంటడు, రంది పెట్టుకుంటడు. ఇక్కడ అందరం క్షేమం అని రాయి" అనేది. రాసేవాణ్ని. నెల తిరిగాక అటునుంచి వచ్చిన జాబు కూడా నేనే చదివి వినిపించేవాణ్ని. అందులోనూ అదే వాక్యం ఉండేది.

సోషల్ మీడియా వల్ల మనిషి సంతోషం పెరుగుతోందా, తరుగుతోందా అన్న ప్రశ్న మీద పాతికేళ్లుగా ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. దాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ వాక్యమే గుర్తుకొస్తుంది. మనసులో ఒకటి పెట్టుకుని కాయితం మీద ఇంకొకటి పెట్టడం ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టింది కాదు. కాకపోతే ఆ చిన్నమ్మ అబద్ధానికి శ్రోత ఒక్కడే. ఆ ఒక్కడి నిద్ర చెడకూడదని చెప్పిన అబద్ధం అది. ఇవాళ మనం పెట్టే ఫొటోకు శ్రోత ఎవరో మనకే తెలియదు. ఎన్ని గంటలు చూశామన్న లెక్క కన్నా, అవతల ఉన్నది ఎవరన్న లెక్కే పెద్దదని నాకు రానురాను గట్టిగా అనిపిస్తోంది.

మా దిక్కు సంతోషం అనేది పండుగనాటి మాట. రోజూ బతుకుకు వాడుకునే మాటలు రెండు: నిమ్మళం, రంది. ఎదురుపడితే "నిమ్మళమేనా?" అంటాం. లోపల ఏదో తొలుస్తుంటే రంది పట్టుకుందంటాం. పరిశోధకులు కూడా చాలావరకు ఈ రెండింటినే అడుగుతారు. మొత్తం మీద నీ బతుకుతో నీకు తృప్తి ఉందా అని ఒక ప్రశ్న, ఈ ఘడియలో నీ మనసెట్లా ఉందని ఇంకో ప్రశ్న. ఈ రెండింటికీ వచ్చే జవాబులు ఒకటే కావు. సగం వాదులాట అక్కడే మొదలవుతుంది.

పోయిన వానకాలం కోరుట్ల దగ్గరి ఊళ్లో మా మేనత్త కూతురి ఇంటికి పోయాను. మరదలు బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. చాట అంచుకు ఆనించి ఫోను. ఫోనులో సౌదీలో, దమ్మామ్‌లో ఉన్న ఆమె భర్త మొఖం; నాకు తమ్ముడి వరస. మాట్లాడుతూనే ఆకు తీస్తుంది, తంబాకు పోస్తుంది, చుడుతుంది, దారం కడుతుంది, మొన మడుస్తుంది. చేయి ఎక్కడా ఆగదు, చూపు ఫోను మీంచి కదలదు. అవతల ఆయన వంట చేసుకుంటున్నాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. చారులో ఉప్పెక్కువైందని ఆయనంటే, నీళ్లు పొయ్యమని ఈమె అంటుంది. మళ్లీ చాలాసేపు మాట ఉండదు. ఒకే ఇంట్లో ఉన్న ఆలుమగలు ఎవరి పని వారు చేసుకుంటూ ఉన్నట్టే ఉంది. కాల్ అయ్యాక నాతో అంది: "గీ ఫోన్ లేకపోతె పిలగాడు ఆళ్ల నాయిన మొఖం ఎరుగకనే పెరుగుతుండె బావా." అర్ధగంట కాలేదు, ఇంటర్ చదివే బిడ్డ సంగతి వచ్చింది. "ఫోన్ అచ్చినంక ఇంట్ల నిమ్మళం పోయింది. తలుపేసుకుంటది, పిలిస్తె పలుకది. ఎవ్వలో ఏదో పెట్టిన్రట, పొద్దంతా అన్నం ముట్టలే."

ఆ రెండు మాటలూ నిజమే. ఈ విషయం మీద వచ్చిన పరిశోధన మొత్తం ఆ రెండు మాటల మధ్యనే ఊగుతోందంటే తప్పు కాదు.

అసలు ఇంత దూరం ఎట్లా వచ్చామో ఒకసారి తలుచుకోవాలి. ఉత్తరం పోయి జాబు రావడానికి నెల. తొందరున్నవాళ్లు టేపురికార్డరు క్యాసెట్లో మాటలు నింపి, సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాళ్ల సంచిలో పెట్టి పంపేవారు. పెద్దమనుషులు బిడ్డ పేరు పిలిచి, ఏడుపు ఆపుకోలేక, క్యాసెట్ అట్లాగే తిరుగుతుండగా మౌనంగా కూచున్న సందర్భాలు నాకు తెలుసు. అవతలివాడు ఆ మౌనాన్ని కూడా విన్నాడు. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. శుక్రవారం అక్కడ సెలవు గనుక ఆ రోజు బూత్ ముందర ఆడవాళ్ల వరస ఉండేది. మీటరు తిరుగుతుంటే కంటికి నీళ్లు రావడానికి కూడా భయం. ఆ తర్వాత చేతి ఫోను. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. దానికి నెల పైచిలుకు ముందు, సెప్టెంబర్ 5న జియో మొదలైంది. కొత్త జిల్లా, కొత్త సిమ్ము రెండూ మాకు ఒకే పండుగల సీజన్లో వచ్చాయి. మా పల్లెల బతుకును ఎక్కువ మార్చింది సిమ్మేనని నా నమ్మకం.

గల్ఫ్ ఇంటి ఫోనుకు ఇంకో లక్షణం ఉంది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ రాత పోతుంది, ఫొటో పోతుంది, కాల్ మాత్రం పోదు. ఇంటర్నెట్ కాల్స్‌ను అక్కడ అనుమతి పొందిన యాప్‌లకే పరిమితం చేశారు. సౌదీ కూడా అట్లాగే ఆపి, 2017 సెప్టెంబర్‌లో ఆ నిషేధం సడలించింది. అందుకే మా ఊళ్లలో అక్షరం రాని అవ్వల ఫోన్లలో కూడా బోటిమ్, ఐఎంవో అనే గుర్తులుంటాయి. రంగును బట్టి పోల్చుకుని నొక్కుతారు. పట్నంలో చదువుకున్న నా మిత్రులు చాలామంది ఆ పేర్లే వినలేదు.

ఇక పరిశోధనల సంగతి. మొదటి పెద్ద అధ్యయనం ఫేస్‌బుక్ పుట్టకముందుది. 1998లో రాబర్ట్ క్రౌట్, ఆయన తోటివారు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 73 ఇళ్లలో 169 మందిని గమనించారు. కొత్తగా ఇంటర్నెట్ పెట్టించుకున్న ఇళ్లు అవి. ఏడాది రెండేళ్లలో, ఎక్కువగా వాడినవాళ్లకు ఇంట్లో మాటలు తగ్గి ఒంటరితనం, దిగులు కొంచెం పెరిగాయని తేల్చారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. అయితే ఆ బృందమే వదిలిపెట్టకుండా మళ్లీ చూసి, 2002లో ఆ చెడు చాలావరకు కరిగిపోయిందని రాసింది. అప్పుడు వాళ్లకు తోచిన ఇంకో సంగతిని నేను మరిచిపోలేను. నలుగురితో కలుపుగోలుగా ఉండేవాళ్లకు, అండ ఉన్నవాళ్లకు ఇంటర్నెట్ మేలు చేసింది. ముడుచుకుపోయే స్వభావం ఉన్నవాళ్లకు కీడు చేసింది. ఉన్నవాడికే ఇంకింత, లేనివాడికి ఉన్నది కూడా పాయె. మా కోరుట్ల ఇంట్లో తల్లికి ఒక న్యాయం, బిడ్డకు ఒక న్యాయం ఎందుకైందో ఇందులో కొంత కనిపిస్తుంది. తల్లికి ఫోను రాకముందే అవతల ఒక మనిషి ఉన్నాడు. బిడ్డ ఆ మనుషులను ఇంకా వెతుక్కుంటోంది.

ఫేస్‌బుక్ వచ్చాక ప్రశ్న పదునెక్కింది. 2013లో ఈథన్ క్రాస్ బృందం మిషిగన్‌లో 82 మందికి రెండు వారాల పాటు రోజుకు ఐదుసార్లు ఫోనుకు సందేశం పంపి, ఇప్పుడు ఎట్లా ఉన్నారు, పోయినసారి అడిగినప్పటి నుంచి ఫేస్‌బుక్ ఎంత చూశారు అని అడిగింది. ఎక్కువ చూశాక మనసు కొంత కిందికి జారింది. మనిషిని నేరుగా కలిసినప్పుడు అట్లా జారలేదు. రెండేళ్లకు ఫిలిప్ ఫెర్డయిన్ తదితరులు ఇంకో అడుగు వేశారు. రాయడం, మాట్లాడటం కాదు, ఊరికే ఇతరుల బతుకులు చూస్తూ కూచోవడమే మనసును దించుతోందని, మధ్యలో పని చేసేది ఈర్ష్య అని చూపించారు. ఈర్ష్య అంటే పెద్దమాట. మా దగ్గర దాన్ని "మనసు చిన్నబోవుడు" అంటారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. రంది ఉన్నవాడే ఫోను పట్టుకుంటాడా, ఫోను పట్టుకున్నందుకు రంది పుడుతుందా? అడిగి రాసుకున్న లెక్కలతో ఇది తేలదు. 2019లో ఆమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ బ్రిటన్, అమెరికా పిల్లలు మూడున్నర లక్షల మందికి పైగా వివరాలు తిరగేసి, పిల్లల నిమ్మళంలో కనిపించే తేడాల్లో ఫోను, కంప్యూటరు, టీవీ అన్నీ కలిసి వివరించగలిగేది మహా అయితే 0.4 శాతమేనన్నారు. ఆలుగడ్డలు తినడానికి, నిమ్మళానికి కూడా దాదాపు అంతే సంబంధం ఆ లెక్కల్లో కనిపించిందట. దాన్ని పట్టుకుని కొందరు అంతా బాగుందన్నారు. నేనట్లా అనుకోను. లక్షల మంది సగటులో ఒక్క ఇంటి తలుపు వెనకాల జరిగేది కనపడదు. ముగ్గురికి మేలు, ముగ్గురికి కీడు జరిగితే సగటున ఏమీ జరగనట్టే ఉంటుంది. అటుపక్క జీన్ ట్వెంగీ 2017లో, జోనథన్ హైట్ 2024లో రాసిన పుస్తకాలు ఒక తరం మొత్తాన్ని ఫోను పాడు చేసిందంటాయి. వాటికి జవాబుగా, పిల్లల దిగులుకు పేదరికం, ఇంటి కలహం, చదువుల ఒత్తిడి వంటి కారణాలను పక్కన పెట్టి ఫోను మీదికే తోయడం న్యాయం కాదని క్యాండిస్ ఆడ్జర్స్ లాంటివాళ్లు గట్టిగానే అన్నారు. ఈ వాదంలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు గనుకనే అది తెగడం లేదు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేవి, మనుషుల వాడకాన్ని నిజంగా మార్చి చూసిన ప్రయోగాలు. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థుల్లో కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోదాన్ని రోజుకు పది నిమిషాలకే పరిమితం చేయమన్నారు. మూడు వారాలకు వాళ్ల ఒంటరితనం, దిగులు తగ్గాయి. అదే ఏడాది అమెరికా ఎన్నికలకు ముందు హంట్ ఆల్కాట్, మాథ్యూ జెంట్జ్‌కో మొదలైన ఆర్థికవేత్తలు ఇంకా పెద్ద ప్రయత్నం చేశారు. నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపినవారికి 102 డాలర్లు ఇచ్చారు. రోజుకు సగటున గంట సమయం మిగిలింది. ఆ గంట వేరే యాప్‌లకు పోలేదు. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిచింది, కొంత టీవీకి పోయింది. నిమ్మళం పెరిగింది గానీ కొద్దిగానే. వార్తలు తెలియడం మాత్రం తగ్గింది. గడువు తీరి మళ్లీ తెరిచాక కూడా చాలామంది మునుపటి కన్నా తక్కువే వాడారు. మానగలిగినవాడికి మానితే మేలని తెలిసింది, కానీ డబ్బిచ్చి ఆపిస్తే తప్ప ఆగలేదు. ఫేస్‌బుక్ 2004 నుంచి అమెరికా కాలేజీలకు ఒకదాని తర్వాత ఒకటిగా పాకిన తీరును వాడుకుని 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం, అది అడుగుపెట్టిన కాలేజీల్లో విద్యార్థుల మనసు ఆరోగ్యం దెబ్బతిన్నదని చూపింది. ఇతరులతో పోల్చుకోవడమే అందుకు దారి అంది.

ఇవన్నీ ఎవరి మీద జరిగాయి? ఎక్కువభాగం అమెరికా, ఐరోపా యువతీయువకుల మీద. వాళ్లకు ఫేస్‌బుక్ మూసేస్తే గంట మిగులుతుంది, పక్కింటికి పోయి స్నేహితుణ్ని కలవచ్చు. మా మరదలు బోటిమ్ మూసేస్తే పోయి కలవడానికి దమ్మామ్ పక్కవాడ కాదు. ఆ ప్రయోగం అట్లాగే తెచ్చి కోరుట్లలో చేస్తే ఫలితం తలకిందులవుతుందని నాకు నమ్మకం. 168 దేశాల్లో పదిహేనేళ్ల పాటు 24 లక్షల మందిని అడిగిన జవాబులను మాటీ వుయోరె, ప్రిజిబిల్‌స్కీ 2024లో పరిశీలిస్తే, ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవాళ్ల తృప్తి లేనివాళ్ల కన్నా ఎక్కువగానే కనిపించింది. అది సోషల్ మీడియా ఒక్కదాని లెక్క కాదు, ఉన్నవాళ్లకే ఇంటర్నెట్ ముందుగా అందుతుందన్న మాటా నిజం. అయినా ఒక ఖండం అనుభవాన్ని లోకమంతటికీ అంటగట్టకూడదని గుర్తుచేస్తుంది.

నా మనసులో మాటకు దగ్గరగా వచ్చింది 2016 నాటి అధ్యయనం. మొయిరా బర్క్, పైన చెప్పిన క్రౌట్ ఇందులో కలిసి పనిచేశారు. బర్క్ అప్పుడు ఫేస్‌బుక్ ఉద్యోగి, ఆ సంగతి మరిచిపోకుండానే చదవాలి. దగ్గరివాళ్లు మనకోసమని ప్రత్యేకంగా రాసిన నాలుగు మాటలు నిమ్మళాన్ని పెంచాయి. ఒక్క నొక్కుతో వచ్చే లైకులు పెంచలేదు. అందరికీ కలిపి వేసినదాన్ని చదివినా లాభం లేదు. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో తన బాధలన్నీ ఏకరువు పెట్టాడు, దేవుణ్ని నిలదీశాడు కూడా. కానీ పద్యం పద్యానికీ ఎదుట ఉన్నది ఒక్క నరసింహుడే. రంది చెప్పుకోవడానికి ఒక్క చెవి చాలు.

అయితే ఆ ఒక్క చెవి ఉన్నంత మాత్రాన అంతా చల్లగా ఉంటుందనీ చెప్పలేను. ఆలుమగల మధ్య ఫోను తెచ్చిన కొత్త రంది ఒకటుంది. దుబాయికీ మనకూ గంటన్నర తేడా, సౌదీ, ఖతార్, కువైట్‌లకు రెండున్నర గంటలు. ఆయన డ్యూటీ దిగి స్నానం చేసి ఫోను పట్టేసరికి ఇక్కడ రాత్రి పదకొండు. అప్పుడు ఆమె ఆన్‌లైన్‌లో లేకపోతే ఒక బాధ, ఉండి ఎత్తకపోతే ఇంకో బాధ, ఎత్తకుండా పన్నెండింటికి ఆన్‌లైన్‌లో కనిపిస్తే పెద్ద బాధ. "గంత రాత్రి ఎవ్వలతోని?" అన్న ఒక్క మాట మీద నెలల తరబడి మాటలు ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. ఉత్తరానికి ఈ జబ్బు లేదు. జాబు రాలేదంటే పోస్టాఫీసు మీద అనుకునేవాళ్లం. ఇప్పుడు నీలి గీతలు రెండు పడ్డాక మనిషి మీద తప్ప ఇంకెవరి మీద అనుకోవాలి? చివరిసారి ఎప్పుడు చూశారో దాచుకునే ఏర్పాటు వాట్సాప్‌లో ఉంది. కానీ దాచుకుంటే ఎందుకు దాచావన్నది మరో ప్రశ్న. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు దీనికి ఒక ఉపాయం పట్టారు: పడుకోబోయే ముందు ఫోను అత్త చేతికిస్తారు. పరువు నిలుస్తుంది, నిద్ర పడుతుంది. కానీ తన నిమ్మళానికి తనే కాపలా పెట్టుకోవాల్సి రావడం ఎంత బరువో ఆ చేతులకే తెలుసు.

స్టేటస్ సంగతీ ఉంది. మా దిక్కు ఫేస్‌బుక్ కన్నా, ఇన్‌స్టాగ్రామ్ కన్నా వాట్సాప్ స్టేటసే పెద్ద వేదిక. అలిగితే స్టేటస్, తోడికోడలిని అనదలచుకుంటే స్టేటస్, పెండ్లికి పిలవలేదని స్టేటస్. పేరు ఉండదు, తగలాల్సినవాళ్లకు తగులుతుంది. మునుపు బావి దగ్గర మొఖం మీద అనేసి మరునాడు చక్కెర అరువడిగేవారు. ఇప్పుడు అన్నది ఎవరినో తెలియదు గనుక రాజీ పడేదీ ఎవరితోనో తెలియదు. మరదలి బిడ్డ అన్నం మానింది అట్లాంటి ఒక స్టేటస్ చూసే. అది తన గురించేనని ఆ పిల్ల నమ్మింది. కాదని ఎవరూ చెప్పలేకపోయారు.

పోల్చుకుని చిన్నబోవడం మాకు సోషల్ మీడియా నేర్పింది కాదు. దుబాయి నుంచి వచ్చినవాడి మెడలో గొలుసు, సెంటు వాసన, రెండు కేసెట్ల టేపురికార్డరు చూసి పొలం అమ్మి వీసా కొన్న వాళ్లు 1980ల నుంచీ ఉన్నారు. కానీ ఆయన నెల రోజులు ఊళ్లోనే ఉండేవాడు. మూడో వారానికి చేతులు ఖాళీ అయ్యేవి, నాలుగో వారంలో ఒక రాత్రి కల్లు మండువలో అసలు సంగతి బయటపడేది: రూములో ఎంతమంది, జీతం ఎన్ని నెలలు ఆగింది, మేస్త్రీ ఏమన్నాడు. వినేవాడికి రెండో సగం కూడా అందేది. రీల్‌లో ఆ రెండో సగం లేదు. సెలవునాడు అద్దాల బజారు ముందు తీసిన పదిహేను సెకన్లు వస్తాయి. పని రోజులు రావు. తీసినవాణ్ని తప్పుపట్టలేను, వారంలో ఆ ఒక్క పూటే వాడిది. మిగతా ఆరు రోజులు వాడు తల్లికి చూపించకూడదనుకున్నాడు. ఆ చిన్నమ్మ నాతో రాయించిన వాక్యమే వాడూ రాస్తున్నాడు. కాకపోతే అది తల్లి దగ్గర ఆగకుండా పక్కవాడలో ఇరవై ఏళ్ల కుర్రవాడి చేతిలోకీ పోతుంది.

అదే ఫోను ప్రాణాలూ కాపాడింది. ఎడారిలో గొర్రెల దగ్గర, ఒంటెల దగ్గర చిక్కుకుపోయినవాళ్లు పాస్‌పోర్టు చేతిలో లేక, భాష రాక, సెల్ఫీ వీడియోలో గోడు చెప్పుకుంటే అది ఊరి గ్రూపులోంచి ఎమ్మెల్యే దాకా, ఢిల్లీ దాకా పోయిన సందర్భాలు ఎన్నో. విదేశాంగ మంత్రిగా సుష్మా స్వరాజ్, ప్రవాసుల వ్యవహారాలు చూసిన సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ ట్విట్టర్‌లో చూసి స్పందించడం వల్ల ఇల్లు చేరినవాళ్లున్నారు. ఆ వీడియోలు తీసినవాళ్లు మొదటిసారి "క్షేమం" అన్న మాట పక్కన పెట్టారు. ఉన్నదున్నట్టు చెప్పారు.

చూసేవాళ్ల సంగతి ఇంత చెప్పాక చేసేవాళ్ల సంగతీ చెప్పాలి, ఎందుకంటే అది మా జగిత్యాల జిల్లాదే. మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్, మా యాసను, మా పంచాయితీలను, మా కల్లు మండువ మాటలను తెలుగువాళ్లందరి ఫోన్లలోకి తీసుకుపోయింది. అంతకుముందు సినిమాలో మా మాట అంటే నవ్వించడానికో, భయపెట్టడానికో. ఇందులో ఆ మాట తన ఇంట్లో తాను కూచుని మాట్లాడింది. దుబాయి రూముల్లో దాన్ని చూసి ఏడ్చినవాళ్ల గురించి విన్నాను. నవ్వించే వీడియోకు ఎందుకు ఏడ్చారో చెప్పక్కర్లేదు. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వ అందులో నటించి, అరవై ఏళ్ల ప్రాయంలో, పెద్దగా బడి చదువు లేకుండానే, ఊరూరా తెలిసిన మనిషైంది. ఆమె పేరు, ఆమె సంపాదన ఈ మాధ్యమంతో మొదలైనవే. దీన్ని కాదనేవాడు మా ఊళ్ల బీదరికం ఎరగనివాడు.

2020 సెప్టెంబర్‌లో ఆమె బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లోకి పోయింది. ఓట్లకు కొదవ లేదు. నెల దాటేసరికి పానం బాగుండటం లేదని, నిద్ర పడటం లేదని, ఊరికి పంపించమని వేడుకుని బయటికొచ్చింది. 2024లో మళ్లీ పోయి మళ్లీ మధ్యలోనే వచ్చేసింది. లంబాడిపల్లిలో కెమెరా ముందు ఆమె ఏళ్లుగా ఉంది, కెమెరా ఆమెకు కొత్త కాదు. అక్కడ కెమెరా ఆగాక ఆమె అరుగు మీద కూచుంటుంది, ఇరుగుపొరుగు వస్తారు. బిగ్‌బాస్ ఇంట్లో కెమెరా ఆగదు, ఇరుగుపొరుగు లేరు. లక్షల మంది చూస్తున్నా పలకరించే మనిషి లేకపోతే పానం నిలవదని ఆమె చేసి చూపించింది. ఇంత స్పష్టంగా ఏ ప్రయోగమూ నాకు చెప్పలేదు.

కీడు చేసేవి ఇంకా ఉన్నాయి. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు వాట్సాప్‌లో తెలంగాణ అంతా పాకి, అమాయకులను కొట్టి చంపేదాకా పోయింది. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టి, డప్పులతో, పాటలతో చాటింపు వేయించారు. ఫోనులో పాకిన పుకారును ఆపడానికి మనిషి దగ్గరికి మనిషినే పంపారన్నమాట. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదుగురికే పరిమితం చేసింది. 2020 చివర్లో అప్పుల యాప్‌లవాళ్లు ఫోనులోని నంబర్లన్నిటికీ ఫొటోలు పంపి పరువు తీస్తే తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2024లో సిరిసిల్ల జిల్లా యువకుడొకరు ఉద్యోగం మాటలు నమ్మి కంబోడియా పోతే, అక్కడ నిర్బంధించి సోషల్ మీడియాలో మనవాళ్లనే మోసం చేసే పని చేయించారు. పోలీసులు పూనుకుంటే గానీ రాలేదు. పందెం యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద కేసులు పడ్డాయి. వీటిని నేను నిమ్మళం లెక్కల్లో వేయను. ఇవి నేరాలు, వీటికి పోలీసు స్టేషను ఉంది.

నేరం కానిదాని సంగతే కష్టం. లైకు బొత్తాం ఫేస్‌బుక్‌లో 2009 ఫిబ్రవరిలో వచ్చింది. ఎంత జరిపినా అడుగు దొరకని తెరను ఆజా రాస్కిన్ 2006లో తయారు చేసి, తర్వాత తానే బాధపడ్డాడు. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన కాగితాల్లో, తమ ఒంటిని చూసి చిన్నబుచ్చుకునే అమ్మాయిల్లో దాదాపు మూడోవంతు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందన్నారని ఆ కంపెనీ సొంత పరిశోధనే చెప్పింది. తెలిసి ఊరుకున్నారన్నది నా కోపం. మా మరదలి ఫోనులో భర్త మాట, పరాయివాళ్ల పదిహేను సెకన్లు ఒకే అద్దంలో, వేలెడు దూరంలో ఉన్నాయి. భర్తతో కాల్ అయిపోగానే చేయి దానంతట అదే రెండో దాని మీదికి జారేటట్టు పెట్టారు. గంట సేపు భర్త కోసం తీసిన ఫోను గంటన్నర తర్వాత గానీ కిందికి దిగదు. ఆ అర్ధగంట ఆమె అడిగింది కాదు.

ఆస్ట్రేలియా పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా 2024 నవంబర్‌లో చట్టం చేసి 2025 డిసెంబర్ 10 నుంచి అమలు పెట్టింది. ఆ ఆలోచన నాకు నచ్చింది, మన దగ్గర అట్లాగే అచ్చు వేస్తే మాత్రం భయం. తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్ల ఖాతా అమ్మ పేరు మీదే ఉంటుంది, అమ్మ ఫోనులోనే ఉంటుంది. ఇంట్లో ఒక్కటే ఫోను. చట్టం ఆ ఇంటి గడపలోకి రాకముందే ఎవరి చేతిలో ఏ ఘడియన ఏముందో తెలియని పరిస్థితి. తండ్రి కాల్ యాప్‌ను, రీళ్ల యాప్‌ను వేరు చేయగలిగిన చట్టమైతే మొదటి ఓటు నాదే.

సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసే ఒకాయన ఈ మధ్య నాతో చెప్పిన మాట ఇక్కడ రాయాలి. ఆ షెడ్డులో మనిషి మాట మనిషికి వినపడదు. తరాలుగా వాళ్లు పెదవులు చూసి, చేతి సైగతో మాట్లాడుకుంటారు. రాత్రి షిఫ్టులో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వీడియోలు చూసే అలవాటు పడ్డాక, ఎదురు సాంచె మీద ఉన్న జోడీదారు సైగ చేసినా తల ఎత్తడం లేదట. "ఇంతకుముందు రంది ఉంటే ఆయన కండ్లల్లనే తెలుస్తుండె సారూ. ఇప్పుడు ఆయన కండ్లు నేను సూడక ఎన్నొద్దులాయెనో" అన్నాడు. నేత పనికి భీవండికి పోయి తిరిగొచ్చినవాడు, అప్పుల్లో తోటివాళ్లను పోగొట్టుకున్న ఊరివాడు. ఎదుటివాడి కండ్లు చూడటం అక్కడ ఊసుపోక చేసే పని కాదు. మనసు బాగాలేనివాళ్లు 14416కు ఫోను చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లున్నారని ఆయనకు చెప్పాను. అదీ ఫోనే. కానీ అవతల ఒక మనిషి ఉంటారు. ఆ నంబరు సాంచె పక్కన గోడ మీద సుద్దతో రాసిపెడతానన్నాడు.

ఫాల్గుణంలో ధర్మపురి కోనేట్లో తెప్పోత్సవం, డోలోత్సవం జరిగినప్పుడు యూట్యూబ్‌లో చూసేవాళ్లలో సగం మంది గల్ఫ్ రూముల్లోనే ఉంటారని నా అంచనా. ఆ పూట జనంలో ఎత్తిన ఫోన్లను చూసి కొందరు పెద్దలు కోప్పడతారు. నాకు కోపం రాదు. ఆ ఫోన్లలో చాలావాటికి అవతల ఒక కొడుకున్నాడు.

మొన్న ఒక పొద్దున గోదావరి రేవుకు పోయాను. ఒక కుటుంబం అస్థికలు కలపడానికి వచ్చింది. చిన్నకొడుకు తడిబట్టలతో అయ్యవారి ముందు కూచున్నాడు. పెద్దకొడుకు రియాద్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. చుట్టాలబ్బాయి ఒకడు తడవకుండా పలచటి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఇక్కడ ఎనిమిది, అక్కడ ఐదున్నర. చీకట్లో కంపెనీ బస్సులో కూచుని ఉన్నాడు పెద్దకొడుకు, నెత్తిమీద టోపీ. అయ్యవారు గోత్రం అడిగితే ఇద్దరన్నదమ్ములూ ఒకేసారి చెప్పారు, ఫోనులోంచి వచ్చినది ఒక క్షణం ఆలస్యంగా వినపడింది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఆగిపోతోంది. తల్లి ఫోను దగ్గరికి వచ్చి, "బువ్వ తిన్నవా కొడుకా" అని అడిగింది. తిన్నానన్నాడు. "మేం బాగనే ఉన్నం, నువ్వు రంది పెట్టుకోకు" అంది. కొడుకు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీళ్లు సూపెట్టు తమ్మీ, బాపును కలిపిన కాడ" అన్నాడు. ఆ అబ్బాయి మోకాళ్ల లోతుకు దిగి, ఫోనును నీళ్ల దాకా వంచి పట్టుకున్నాడు.